మనీ ప్లాంటు తమలపాకు కాదు

మన ఆఫీసు గదిలో బీరువా పక్కన గాజు సీసాలో ఒక తీగ ఉంది. అందరూ చూసే ఉంటారు. ఆకులు పచ్చగా మెరుస్తూ ఉంటాయి, మధ్య మధ్యలో పసుపు చారలు ఉంటాయి. దాన్ని మనీ ప్లాంటు అంటారు. ఈ నెల గోడ పత్రికకి నేను దాని గురించి రాస్తున్నాను. ఎందుకు రాస్తున్నానో మధ్యలో చెప్తాను. ముందే చెప్పేస్తే మీరు మిగతాది చదవరని నా భయం.

ముందు దాని ఊరు చెప్తాను. పసిఫిక్ మహాసముద్రంలో తాహితి దీవి పక్కన మోరేయా అని ఒక చిన్న దీవి ఉంది. సొసైటీ దీవుల్లో అది ఒకటి. ఇప్పుడు అది ఫ్రాన్సు దేశం కింద ఉంది. నేను మన సైన్సు గదిలో గ్లోబు తిప్పి తిప్పి వెతికాను. ఆ చోట వట్టి నీలం రంగే ఉంది, చుక్క కూడా పెట్టలేదు. అగ్నిపర్వతం వల్ల పుట్టిన దీవి అది. కొండలు నిటారుగా ఉంటాయి, వానలు ఎక్కువ. మన ఆఫీసు సీసాలో ఉన్న తీగ ఆ అడవిది. అంత దూరం నుంచి అది ఇక్కడికి వచ్చిందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. మా ఊరి నుంచి ఈ బడికి రావడానికే నేను రెండు గంటలు నడిచి, తర్వాత జీపు ఎక్కాను.

దాని శాస్త్రీయ నామం ఎపిప్రెమ్నమ్ ఆరియం. 'ఎపి' అంటే గ్రీకు భాషలో 'మీద' అని, 'ప్రెమ్నాన్' అంటే 'చెట్టు మొదలు' అని అర్థం. 'ఆరియం' అంటే లాటిన్‌లో 'బంగారు రంగుది'. అంటే చెట్టు మాను మీద ఉండే బంగారు రంగు మొక్క అన్నమాట. సీసాలో ఉండేది అని ఎక్కడా లేదు. ఈ పేరు కూడా తిన్నగా రాలేదు. 1880లో మొదట పోథోస్ అని పెట్టారు. అందుకే ఇప్పటికీ చాలామంది పోథోస్ అంటారు. తర్వాత ఇంకో పేరు పెట్టారు. 1960లలో పువ్వు చూశాక మళ్ళీ మార్చారు. దాని ఊరు కూడా సాలమన్ దీవులు అని చాలా కాలం తప్పుగా రాసుకున్నారు. మొక్కల కుటుంబం తేల్చాలంటే పువ్వు చూడాలి, ఇది పువ్వు చూపించదు, అందుకే ఈ గొడవంతా. మాలో కూడా ఇంట్లో ఒక పేరు, బడి రిజిస్టరులో ఒక పేరు ఉన్న వాళ్ళు చాలామంది ఉన్నారు. నాకూ రెండు పేర్లు. కాబట్టి నాకిది వింతగా అనిపించలేదు.

పువ్వు సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఇళ్ళలో పెంచే మనీ ప్లాంటు పూయదు. దానంతట అది పూసిందని చివరిసారి రాసింది 1964లో. ఎందుకు పూయదో 2016లో అమెరికాలో శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. మొక్కల్లో జిబ్బరెల్లిన్ అనే హార్మోను ఉంటుందని మన పాఠంలో ఉంది కదా. ఈ మొక్కలో దాన్ని తయారు చేసే ఒక జన్యువు సరిగా పని చెయ్యదు. వాళ్ళు బయటి నుంచి ఆ హార్మోను చల్లితే పూసింది. పువ్వు లేకపోతే కాయ లేదు, గింజ లేదు. అందుకని మన దేశంలో ఇళ్ళలో ఉన్న తీగలు ముక్క నుంచి ముక్క, ముక్క నుంచి ముక్కగా వచ్చినవే. కణుపు ఉన్న ముక్క ఒకటి చాలు, నీళ్ళలో పెడితే వేరు వేస్తుంది. కణుపు లేకుండా ఉత్త ఆకు తెచ్చి పెడితే కొన్నాళ్ళు పచ్చగా ఉంటుంది గాని తీగ రాదు.

ఇప్పుడు అది చెట్టు ఎలా ఎక్కుతుందో చూద్దాం. మన కొండల్లో తీగలు చూడండి, ఒక్కొక్క దానిది ఒక్కొక్క పద్ధతి. అడ్డ తీగ నులితీగలు వేసి కొమ్మని పట్టుకుంటుంది. చిక్కుడు పాదు తనే కర్ర చుట్టూ తిరుగుతుంది. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల పాదు ఉంటుంది కదా, అది కణుపు కణుపు దగ్గర చిన్న వేర్లు వేసి బెరడుకి అతుక్కుంటుంది. మనీ ప్లాంటుది మిరియాల పాదు పద్ధతే. ఆఫీసులో తీగని దగ్గరగా చూస్తే కణుపుల దగ్గర గోధుమ రంగు బుడిపెలు కనిపిస్తాయి. అవే వాయుగత వేర్లు. పట్టుకోవడానికి అక్కడ మాను లేదు కాబట్టి అలా మొండిగా ఉండిపోయాయి.

చెట్టు ఎక్కుతుంది గాని చెట్టుని తినదు. మామిడి చెట్టు మీద బదనిక ఉంటుందే, అది కొమ్మలోకి వేరు దింపి రసం లాగేస్తుంది. ఇది అలా కాదు. చెట్టు దానికి నిచ్చెన మాత్రమే. తిండి తనే పత్రహరితంతో చేసుకుంటుంది.

ఎక్కడం ఎందుకంటే వెలుతురు కోసం. వానలు ఎక్కువ పడే దట్టమైన అడవిలో పైన ఆకులన్నీ కప్పేసి, నేల మీదికి నూటికి ఒకటి రెండు వంతుల వెలుతురే వస్తుంది. చెట్టయితే మాను పెంచుకుని పైకి వెళ్తుంది, దానికి చాలా ఏళ్ళు పడుతుంది. తీగ ఆ ఖర్చు పెట్టుకోదు, ఇంకొకరి మాను పట్టుకుని వెళ్తుంది. మరి కళ్ళు లేని తీగకి మాను ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? దీని చుట్టం ఒకటి ఉంది, మాన్‌స్టెరా అని, అదీ ఇలాగే చెట్టు ఎక్కే అడవి తీగే. కోస్టారికా దేశం అడవిలో దాని మొలకల్ని చూసి 1975లో శాస్త్రవేత్తలు ఒక సంగతి రాశారు. అన్ని మొక్కలూ వెలుతురు వైపు వంగుతాయని మనం చదువుకున్నాం. ఆ మొలకలు చీకటి వైపు పాకుతాయి. అడవిలో అన్నిటికన్నా చీకటిగా కనిపించేది దగ్గరలో ఉన్న పెద్ద చెట్టు మానే. మాను తగిలాక తిరిగి వెలుతురు వైపు పైకి ఎక్కుతాయి. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూచున్నాను.

ఇంకో విచిత్రం. మనీ ప్లాంటు సీసాలో ఉంటే ఆకు మన అరచేతి కన్నా చిన్నగా ఉంటుంది. కిందికి వేలాడితే ఇంకా చిన్నది అవుతుంది. అదే తీగ పెద్ద చెట్టు ఎక్కితే 20 మీటర్ల వరకు వెళ్తుంది, ఆకులు 60 సెంటీమీటర్లు కూడా దాటతాయి, అంచులు చీలిపోయి వేరే మొక్కలా కనిపిస్తుంది. మనం సీసాలో చూసేది దాని చిన్నతనం. ఎన్నేళ్ళు సీసాలో పెట్టినా అది చిన్నపిల్లలాగే ఉండిపోతుంది.

ఇక నేను ఎందుకు రాస్తున్నానో చెప్తాను.

కిందటి ఏడాది మా నాన్న అల్లం వేయడానికి షావుకారు దగ్గర అప్పు తెచ్చాడు. వానలు ఎక్కువై దుంప కుళ్ళిపోయింది. అప్పు మిగిలిపోయింది. ఆ రోజుల్లోనే నేను సుద్దముక్కలు తేవడానికి ఆఫీసుకి వెళ్తే, అక్కడికి వచ్చిన వాళ్ళెవరో మాట్లాడుకుంటున్నారు. మనీ ప్లాంటు కొనకూడదట, అడిగి తెచ్చుకోకూడదట, దొంగతనంగా తెంపి తెచ్చి పెట్టుకుంటేనే ఇంట్లోకి డబ్బు వస్తుందట. మర్నాడు నేను మళ్ళీ సుద్దముక్కలకి వెళ్ళాను. రెండాకులున్న ముక్క తుంచి లంగా మడతలో పెట్టుకుని వచ్చేశాను. దగ్గు మందు సీసా కడిగి, అందులో నీళ్ళు పోసి, కిటికీలో నా ట్రంకు పెట్టె పక్కన పెట్టాను. కొత్త ఆకు వచ్చినప్పుడల్లా వెయ్యి రూపాయలు అనుకునేదాన్ని. అలా ఐదు వేలు అయ్యాయి.

ఈ ఏడాది ఆగస్టులో, మూడో తరగతిలో కొత్తగా చేరిన ఒక చెల్లి రాత్రి పూట ఆ సీసాలోంచి ఒక ఆకు తెంపింది. వాళ్ళ ఇంట్లో మామ్మ తమలపాకులో వక్క, సున్నం పెట్టి నములుతుందట. చెల్లికి కూడా ఒక ముక్క పెట్టేదట. మామ్మ గుర్తొచ్చి ఆకు మడిచి నోట్లో పెట్టుకుంది. ఒక్క క్షణం అయ్యాక అరిచింది చూడండి, డార్మిటరీ అంతా లేచిపోయాం. నోట్లోంచి చొంగ కారుతోంది, పెదవులు వాచిపోయాయి. ఏం తిన్నావే అని అందరూ అడుగుతున్నారు, నాలుక తిరక్క చెప్పలేకపోతోంది. చెయ్యి చాచి కిటికీ వైపు చూపించింది. నేను ఆ పక్కనే ఉన్నాను. నాకు అర్థమయ్యింది. నేను సీసా తీసి మంచం కింద పెట్టేశాను.

పురుగు కుట్టిందేమో అన్నారు, పచ్చిమిరపకాయ నమిలిందేమో అన్నారు. చాలాసేపటికి నేను ఏడుస్తూ సైన్సు మేడం దగ్గరికి వెళ్ళి సీసా చూపించాను. మేడం వెంటనే చెల్లి నోట్లో మిగిలిన నారంతా గుడ్డతో తుడిచి, నీళ్ళు పుక్కిలించి ఉమ్మేయించారు. తర్వాత చల్లని పాలు కొంచెం కొంచెంగా తాగించారు. పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రెండు రోజులకి వాపు తగ్గి అన్నం తింది. నేను ముందే చెప్పి ఉంటే అంతసేపు ఆ పాప బాధ పడేది కాదు. మేడం నన్ను కొట్టలేదు. "అది ఏం మొక్కో తెలుసుకుని గోడ పత్రికలో రాయి" అన్నారు. కొడితేనే బాగుండేదనిపించింది.

ఆ ఆకులో ఏముందంటే, కాల్షియం ఆక్సలేట్ అనే పదార్థం. అది సన్నని సూదుల్లాంటి స్ఫటికాలుగా, కట్టలు కట్టలుగా కణాల్లో దాగి ఉంటుంది. ఊరికే ముట్టుకుంటే ఏమీ కాదు. నమిలితే కణాలు పగిలి ఆ సూదులు నాలుకకీ పెదవులకీ బుగ్గ లోపలికీ గుచ్చుకుంటాయి. మంట, వాపు, చొంగ అందుకే. జంతువులు తినకుండా మొక్క పెట్టుకున్న కాపలా ఇది. మేకకైనా కుక్కకైనా అంతే.

దసరా సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక చిన్న ముక్క కాగితంలో చుట్టి తీసుకెళ్ళాను, మా మామ్మకి చూపిద్దామని. మామ్మకి చదువు రాదు. మా ఇంట్లో చదువు నాతోనే మొదలు. మామ్మ ఆకు వాసన చూసింది, కాడ మొదలు విప్పి చూసింది, రసం మోచేతి కింద ఇంత రాసుకుంది. కాసేపు ఆగి, "ఓలమ్మ, ఇది చేమ జాతే. కాడ సూడు, దొప్పలాగ తీగని పట్టుకునుంది. దురదెడతంది కూడాను. దీన్ని నోట్లో ఎట్టుకుంటారేటే గుంటా?" అంది.

నేను ఆశ్చర్యపోయాను. ఎందుకంటే నేను పుస్తకంలో వెతికి వెతికి పట్టుకున్నది అదే. కంద, చేమ, మనీ ప్లాంటు మూడూ ఒకే కుటుంబం. దాన్ని ఏరేసీ అంటారు. మన కందలో దురద, చేమాకులో దురద, ఆ దూర దేశం తీగలో మంట, అన్నిటికీ ఆ సూదులే కారణం. 'కందకు లేని దురద కత్తిపీటకెందుకు' అంటారు కదా. కందకి దురద ఎందుకు లేదంటే సూదుల్ని కణంలో కట్ట కట్టి దాచుకుంది కాబట్టి. కోసిన వాళ్ళకి, కొరికిన వాళ్ళకే దురద.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చదవండి. కందని మామ్మ చింతపండు వేసి బాగా ఉడికించి వండుతుంది, మనం తింటాం. కంద వండినట్టు మనీ ప్లాంటు వండుకోవచ్చా అని ఆరో తరగతి వాళ్ళు ఒకరు నన్ను అడిగారు. వండకూడదు. అది తినే మొక్క కాదు. మామ్మ చేసినట్టు రసం చేతికి రాసుకుని కూడా చూడొద్దు, కొంతమందికి దద్దుర్లు వస్తాయి. మామ్మ చేతులు వేరు.

తమలపాకుకీ దీనికీ తేడా పట్టడం తేలికే. తమలపాకు మిరియాల కుటుంబం. ఆకు పల్చగా ఉంటుంది, నలిపితే ఘాటు వాసన వస్తుంది, ఈనెలు ఆకు మొదలు దగ్గర నుంచే విడిపోయి వంపుగా కొన వైపు వెళ్తాయి. మనీ ప్లాంటు ఆకు దళసరిగా, మైనం రాసినట్టు ఉంటుంది, ఆ ఘాటు వాసన రాదు. మధ్యలో ఒక్క ఈనె పెద్దగా ఉంటుంది. పసుపు చారలు ఉంటే మనీ ప్లాంటే, కాని చారలు లేవు కాబట్టి తమలపాకు అనుకోకండి. చీకటి మూల పెడితే దానికి చారలు తగ్గి ఉత్త పచ్చగా అయిపోతుంది. పసుపు చోట పత్రహరితం తక్కువ, వెలుతురు చాలనప్పుడు కొత్త ఆకులు పచ్చగానే వస్తాయి. నా సీసాలో ఆకులు అలా పచ్చగా ఉన్నవే. అందుకే చెల్లి పొరపడింది.

ఎవరైనా నమిలితే, ఉమ్మించి, తుడిచి, నీళ్ళతో పుక్కిలించమనండి. చల్లని నీళ్ళు గాని పాలు గాని ఇవ్వండి. వాంతి చేయించకూడదు. గొంతు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి. సీసా దాచకండి. ఏం తిన్నారో తెలిస్తేనే డాక్టరు మందు ఇవ్వగలరు.

డబ్బు సంగతి అడుగుతారని తెలుసు. రాలేదు. నేను దొంగిలించిన ముక్కకి ఐదు ఆకులు వచ్చినా మా అప్పులో ఐదు రూపాయలు తగ్గలేదు. అమ్మ కాఫీ పళ్ళు ఏరే కూలికి వెళ్ళి, అడ్డాకులు కుట్టి సంతలో అమ్మి కొంత తీర్చింది. ఆకు వల్ల మా ఇంటికి ఎప్పుడైనా డబ్బు వచ్చిందంటే అది అడ్డాకు వల్లే. దాన్ని ఎవరూ మనీ ప్లాంటు అనరు.

గాలి శుభ్రం చేస్తుందని కూడా అంటారు. 1989లో అమెరికాలో నాసా వాళ్ళు మూసేసిన చిన్న పెట్టెల్లో మొక్కలు పెట్టి చూశారు, అందులో ఇదీ ఉంది, గాలిలో చెడు ఆవిర్లు తగ్గాయి. కాని గది మూసిన పెట్టె కాదు కదా. 2019లో ఆ లెక్కలన్నీ మళ్ళీ చూస్తే, కిటికీల్లోంచి వచ్చే గాలి చేసే పని మొక్కలు చెయ్యాలంటే ఒక చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. మన డార్మిటరీలో అన్ని పెడితే మనం పడుకోవడానికి చోటుండదు. కిటికీలు తెరుద్దాం.

సీసాలో పెంచే వాళ్ళు వారం దాటకుండా నీళ్ళు మార్చాలి, సీసా లోపల రుద్ది కడగాలి. డెంగీ దోమ ఇలాంటి నిలవ నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. నా దగ్గు మందు సీసా నేను ఎన్నాళ్ళకి మార్చానో ఇక్కడ రాయను.

పెరిగిపోయిన తీగని కత్తిరించి వాగు గట్టున పారేయకండి. శ్రీలంకలో, హవాయి దీవుల్లో ఇది తోటల్లోంచి అడవిలోకి పోయి, నేలంతా పరుచుకుని, చెట్లు కమ్మేసి అక్కడి మొక్కల్ని అణిచేసింది. ముక్క ముక్కకీ వేరు వేసే మొక్క కదా. మన వాగు పక్కన చల్లగా, నీడగా ఉంటుంది, దానికి కావలసినదంతా అక్కడ ఉంది. కత్తిరించిన ముక్కలు ఎండలో బాగా ఎండబెట్టాకే చెత్తలో వెయ్యాలి.

నా తీగని మేడం పారేయమనలేదు. ఆగస్టు చివర్లో బడి గోడ లోపల ఉన్న పనస చెట్టు మొదట్లో పాతించారు. గోడ దాటకూడదు, కొమ్మల్లోకి వెళ్తే కోసేయాలి, చిన్న తరగతుల వాళ్ళు ఆడే చోట కాకుండా ముళ్ళ కంచె వెయ్యాలి అని మూడు షరతులు పెట్టారు. నాటినప్పుడు పెద్ద ఆకు 7 సెంటీమీటర్లు. సెప్టెంబరులో వేర్లు బెరడుని పట్టుకున్నాయి. డిసెంబరు, జనవరి చలికి ఒక్క ఆకు కూడా రాలేదు, చచ్చిపోయిందనుకున్నాను. ఫిబ్రవరిలో మళ్ళీ చిగురు వేసింది. పోయిన ఆదివారం కొలిచిన ఆకు 12 సెంటీమీటర్లు.

ఆదివారం కొలతకి ఆ మూడో తరగతి చెల్లి కూడా వస్తుంది. మొదట్లో చెట్టు దగ్గరికి వచ్చేది కాదు, దూరంగా నిలబడి చూసేది. ఇప్పుడు స్కేలు తనే పట్టుకుంటుంది, నేను నోటు పుస్తకంలో రాస్తాను. అయ్యాక ఇద్దరం బోరింగు దగ్గరికి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుంటాం.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని